సార్ కంప్యూటర్ పాస్‌వర్డ్ కూడా అడగడం లేదు

ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్న పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటోలు మూడు జతచేశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. విషయం ఇది.

ల్యాబ్‌లో 23 కంప్యూటర్లు, విభాగాధిపతి గదిలో ఇంకొకటి. అన్నింట్లోనూ ఉబుంటు 22.04 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. సార్ గదిలోని దాంట్లో మూడు సెక్షన్ల ఇంటర్నల్ మార్కులు, ప్రాక్టికల్ ప్రశ్నల సెట్లు ఉంటాయి. అందుకని అప్పట్లో 20.04 వేసినప్పుడే డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశారు, తర్వాత దాన్నే 22.04కి మార్చుకున్నారు. వచ్చే నెల 10 నుంచి ప్రాక్టికల్స్. ఈలోగా అన్నీ అప్‌డేట్ చేసి పెడదామని ఆమె ఒక సాయంత్రం వరసగా అన్నింట్లో ప్యాకేజీలను అప్‌డేట్ చేసే ఆప్ట్ అప్‌గ్రేడ్ కమాండ్ నడిపారు. ల్యాబ్‌లోని 23 బాగానే పూర్తయ్యాయి. సార్ గదిలోది మాత్రం మధ్యలో ఆగిపోయి, చివర "సబ్-ప్రాసెస్ డీపీకేజీ రిటర్న్‌డ్ యాన్ ఎర్రర్ కోడ్ (1)" అంది. మళ్లీ నడిపినా అదే మాట. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పెద్దమ్మ కొడుకుకి ఫోన్ చేస్తే, బూట్ మెనూని తిరిగి రాసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టి రీస్టార్ట్ చెయ్యమన్నాడు. చేశారు. అంతే, నల్ల తెర, దాని మీద "కెర్నెల్ పానిక్", "అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్". ఎన్నిసార్లు ఆన్ చేసినా డిస్క్ పాస్‌వర్డ్ కూడా అడగడం లేదు.

ఇప్పుడు సీనియర్ లెక్చరర్ ఒకరు ఫార్మాట్ చేసి కొత్తగా వేసేయమంటున్నారు. అన్నయ్యేమో, ఎలాగోలా లోపలికి వెళ్లగలిగితే లాక్ ఫైళ్లు తీసేసి, బూట్ ఫోల్డర్లో పాతవన్నీ డిలీట్ చెయ్యమంటున్నాడు. చివరి బ్యాకప్ రెండు నెలల కిందటిది. "నాది టెంపరరీ ఉద్యోగం. సార్ ఊళ్లో లేరు, వచ్చే వారం వస్తారు. డిస్క్‌లో 180 జీబీ ఖాళీ ఉండగా స్థలం లేదని ఎందుకు అంటుంది? మార్కులు పోయినట్టేనా? నేనేం చెయ్యాలి?" అని అడిగారు.

సమాధానం:

ముందు మీకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న. మార్కులు పోలేదు. పాస్‌వర్డ్ అడగకపోవడం చూసి మీరు భయపడ్డారు కానీ, అది ఊరటనిచ్చే గుర్తు. పాస్‌వర్డ్ అడిగేది డిస్క్ కాదు, ఇనిట్‌ఆర్‌డీ అనే ఫైలు. ఉబుంటుకి గుండెకాయ లాంటి కెర్నెల్ అనే ప్రోగ్రాం లేచిన మొదటి క్షణాల్లో ఎన్‌క్రిప్షన్ తాళం తీసే సరంజామా, డిస్క్ డ్రైవర్లు అన్నీ అందులోనే ఉంటాయి. మీ కొత్త కెర్నెల్‌కి ఆ ఫైలు తయారవలేదు. అది లేని కెర్నెల్‌కి డిస్క్ ఎక్కడుందో తెలియదు, తాళం ఉందనీ తెలియదు. అందుకే రూట్ దొరకలేదని పానిక్ అయింది. అంటే ఆ కెర్నెల్ మీ డేటా దగ్గరికి వెళ్లనే లేదు.

ఇక 180 జీబీ సంగతి. మీ రెండో ఫొటోలో, డిస్క్ స్థలం చూపే డీఎఫ్ కమాండ్ ఇచ్చిన పట్టిక చూడండి. మీరు పై లైను చూసి ఆగిపోయారు. నాలుగు లైన్ల కింద /బూట్ అని వేరే లైను ఉంది: 705 ఎంబీ, 97 శాతం నిండింది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు బూట్ ఫైళ్లకి తాళం వెయ్యని చిన్న పార్టిషన్ ఒకటి విడిగా కేటాయిస్తుంది ఇన్‌స్టాలర్. 20.04 రోజుల్లో దానికి సుమారు 700 ఎంబీ ఇచ్చేది. 22.04కి మారినా ఆ పార్టిషన్ అంతే ఉండిపోయింది. ల్యాబ్‌లోని 23 మెషీన్లకి ఈ గోడ లేదు. వాటిలో బూట్ ఫోల్డర్ పెద్ద డిస్క్‌లోనే ఉంటుంది కాబట్టి స్థలం అక్కడ సమస్యే కాలేదు. అదే కమాండ్, అదే చేయి, ఒక్కదాంట్లోనే తేడా రావడానికి కారణం ఇది.

ఆ 705 ఎంబీని ఏం తిన్నదో మూడో ఫొటోలో ఉంది. 5.15.0 కెర్నెల్ 117, 119, 122, 124, 125, ఇప్పుడు 126. పాత అయిదింటిలో ఒక్కోదానికి ఇనిట్‌ఆర్‌డీ 105 ఎంబీ చొప్పున ఉంది. వీఎంలినజ్ (అసలు కెర్నెల్ ఫైలు), సిస్టమ్.మ్యాప్ కలిపితే ఒక్కో కెర్నెల్ దాదాపు 120 ఎంబీ. అయిదు కెర్నెళ్లకే 600 దాటిపోయింది. 126 కెర్నెల్ ఫైలు పట్టింది, దాని ఇనిట్‌ఆర్‌డీకి చోటు లేదు. ప్రతి అప్‌గ్రేడ్‌లోనూ "ఈ ప్యాకేజీలు ఇక అవసరం లేదు, ఆటోరిమూవ్ వాడండి" అని ఒక లైను వస్తుంది, గమనించే ఉంటారు. అందరూ దాటేసే లైను అది. ఆ పాత కెర్నెళ్ల గురించే అది చెబుతుంది.

మీ అన్నయ్య మంచి ఉద్దేశంతోనే చెప్పాడు, కానీ అప్‌డేట్-గ్రబ్ ఆ సమయంలో చెయ్యకూడని పని. బూట్ ఫోల్డర్లో కెర్నెల్ ఫైలు కనిపిస్తే చాలు, గ్రబ్ దాన్ని మెనూలోకి ఎక్కిస్తుంది. ఇనిట్‌ఆర్‌డీ ఉందా లేదా అని పేచీ పెట్టదు. సగం తయారైన 126ని తీసుకెళ్లి జాబితాలో మొదట నిలబెట్టింది. ఆ కమాండ్ కొట్టకుండా ఉంటే రీస్టార్ట్ చేసినా చాలావరకు 125తోనే లేచేది. 125 ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. దాంతోనే లోపలికి వెళ్లాలి.

మెషీన్ ఆన్ చేసి, కంపెనీ బొమ్మ పోగానే ఎస్కేప్ మీట ఒక్కసారి నొక్కండి. పాత బయాస్ పద్ధతి మెషీన్ అయితే షిఫ్ట్ నొక్కి పట్టుకోండి. కంగారులో ఎస్కేప్ నాలుగైదుసార్లు నొక్కితే మెనూకి బదులు "గ్రబ్>" అని ఖాళీ గీత వస్తుంది. అప్పుడు నార్మల్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే మెనూ వస్తుంది. "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు" లోకి వెళ్లి 5.15.0-125 ఎంచుకోండి. రికవరీ అని రాసి ఉన్నది వద్దు, మామూలుది. ఈసారి పాస్‌వర్డ్ అడుగుతుంది.

లోపలికి వెళ్లిన వెంటనే మరమ్మతు మొదలుపెట్టకండి. పెన్‌డ్రైవ్ పెట్టి మార్కుల ఫోల్డర్, ప్రశ్నల సెట్లు, సార్ హోమ్ ఫోల్డర్ కాపీ చెయ్యండి. కాపీ అయ్యాక ల్యాబ్‌లోని ఇంకో మెషీన్‌లో రెండు మూడు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ప్రశ్నల సెట్లు ఉన్నాయి కనుక ఆ పెన్‌డ్రైవ్ సార్ వచ్చేదాకా మీ బీరువా తాళంలోనే ఉండాలి. ఒకవేళ 125 కూడా లేవకపోతే ఉబుంటు లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, "ట్రై ఉబుంటు" ఎంచుకుని, ఫైల్స్ కిటికీలో తాళం గుర్తుతో కనిపించే డిస్క్ మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగి తెరుచుకుంటుంది. ఎలా చూసినా డేటా మీ చేతిలోకి వస్తుంది. అది వచ్చాక మిగతాదంతా సమయం, ఓపిక ఉన్నదాన్ని బట్టి నిర్ణయించుకునే విషయం.

ఇప్పుడు మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ప్రాక్టికల్స్ అయ్యేదాకా 125తోనే నెట్టుకురావడం. ఇది పిరికితనం కాదు, పరీక్షల ముందు చాలామంది సిస్టమ్ అడ్మిన్లు చేసే పనే. అయితే ఆన్ చేసిన ప్రతిసారీ మెనూలో 125ని చేత్తో ఎంచుకోవాలి. సార్ తనే ఆన్ చేసుకుంటే మళ్లీ నల్ల తెర చూస్తారు. పైగా ఈలోగా ఏ చిన్న ప్యాకేజీ వెయ్యబోయినా, ఆప్ట్ ముందు ఆ ఆగిపోయిన పని పూర్తి చెయ్యడానికి ప్రయత్నించి అదే ఎర్రర్ చూపిస్తుంది. సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగిపోతాయి. పది రోజులకైతే సరే, నెలలకి కాదు.

రెండోది, ఆగిపోయిన అప్‌గ్రేడ్‌ని పూర్తి చెయ్యడం. నా మొగ్గు దీనివైపే. అరగంట పని, అడుగడుక్కీ వెనక్కి రావచ్చు. ప్యాకేజీలు అమర్చే డీపీకేజీ ఎక్కడ ఆగిందో తన పట్టికలో రాసి పెట్టుకుంటుంది. దానికి చోటు చూపిస్తే అక్కణ్ణుంచి తనే అందుకుంటుంది.

కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు రోజూ కొట్టేవే కనుక గుర్తుపడతారు. అన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాలు. ఫైలు పేర్లు పూర్తిగా కొట్టకుండా సగంలో ట్యాబ్ నొక్కండి, అంకెల్లో తప్పు దొర్లదు. మెషీన్ యూపీఎస్ మీద ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టండి.

యూనేమ్ -ఆర్

ఇది 5.15.0-125-జెనరిక్ అని చెప్పాలి. ఇప్పుడు నడుస్తున్నది ఏదో తెలియకుండా బూట్ ఫోల్డర్ జోలికి వెళ్లకూడదు. తర్వాత అన్నిటికన్నా పాతవైన 117, 119 ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు రెండింటినీ అక్కణ్ణుంచి పెద్ద డిస్క్‌లోకి జరపండి. తీసేయడం కాదు, జరపడం:

సుడో ఎంవీ /బూట్/ఇనిట్‌ఆర్‌డీ.ఐఎంజీ-5.15.0-117-జెనరిక్ /రూట్/

119కీ ఇదే. కావలసింది 105 ఎంబీయే కదా, ఒకటి జరిపితే చాలదా అనిపిస్తుంది. చాలదు. కొత్త ఇనిట్‌ఆర్‌డీని ముందు పేరు చివర ".న్యూ" తగిలించి రాసి, పూర్తయ్యాకే అసలు పేరులోకి మారుస్తుంది. 126కి మొదటిసారి తయారయ్యాక, అదే అప్‌గ్రేడ్‌లో పెండింగ్‌లో ఉన్న ట్రిగ్గర్ ఇంకోసారి దాన్ని తయారుచేస్తుంది. ఆ క్షణంలో పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటాయి. 210 ఎంబీ ఖాళీ లేకపోతే రెండోసారి దగ్గర మళ్లీ పడిపోతుంది. ఒకటి జరిపి, మళ్లీ అదే ఎర్రర్ చూసి, ఈ పద్ధతే పనిచెయ్యదనుకునేవాళ్లు ఇక్కడే తప్పుతారు. బూట్ ఫోల్డర్లో ఇప్పటికే ".న్యూ" తో ముగిసే ఫైలు మిగిలి ఉంటే, అది సగంలో ఆగిన చెత్త. దాన్ని మాత్రం నిశ్చింతగా తీసేయొచ్చు.

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ

ఇది రెండు మూడు నిమిషాలు పడుతుంది. "అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్: జెనరేటింగ్" అన్న లైను దగ్గర కదలనట్టు కనిపిస్తుంది, అది నొక్కి కుదించే పనిలో ఉంటుంది. కంట్రోల్-సీ కొట్టకండి. పూర్తయ్యాక:

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
సుడో డీపీకేజీ --ఆడిట్

రెండోది ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే అంతా సవ్యం. ఏదైనా ప్యాకేజీ పేరు చెబితే, డీపీకేజీ -ఎల్ జాబితాలో దాని ముందున్న రెండక్షరాలు చూడండి. ఐ, ఐ అంటే పూర్తయింది. ఐ, పెద్ద యూ అంటే విప్పి పెట్టింది కానీ అమర్చలేదు. ఐ, పెద్ద ఎఫ్ అంటే అమర్చడం మధ్యలో దెబ్బతింది. ఆర్, సీ చూసి భయపడనక్కర్లేదు, ప్యాకేజీ పోయి సెట్టింగుల ఫైళ్లు మాత్రం మిగిలాయని అర్థం. ఎర్రర్ మళ్లీ వచ్చిందనుకోండి, చివరి లైను పట్టుకుని వెతకకండి. "ఎర్రర్ కోడ్ (1)" అనేది ఏ జబ్బుకైనా ఒకేలా వచ్చే జ్వరం. /వార్/లాగ్/ఆప్ట్/టర్మ్.లాగ్ తెరిచి, ఆ రోజు మొదట వచ్చిన ఫిర్యాదు చదవండి. మీ ఫొటోలో కూడా "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అనే అసలు మాట పైనుంచి మూడో లైన్లో ఉంది, కింద పదిహేను లైన్ల ఎర్రర్లన్నీ దాని పర్యవసానమే. గ్రాఫిక్స్ కార్డు డ్రైవరో, వర్చువల్‌బాక్సో ఉంటే అక్కడ డీకేఎంఎస్ అనే పేరు కనిపించవచ్చు. అది స్థలం సమస్య కాదు, ఆ డ్రైవర్ కొత్త కెర్నెల్‌కి కుదరలేదని అర్థం. దాన్ని వేరే పనిగా చూసుకోవాలి.

ఇప్పుడు పాత కెర్నెళ్లు:

సుడో ఆప్ట్ ఆటోరిమూవ్ --పర్జ్

వై నొక్కే ముందు జాబితా చదవండి. 117, 119, 122 అంకెలున్న పేర్లు కనిపించాలి. ఇప్పుడు నడుస్తున్న 125ని, అన్నిటికన్నా కొత్తదైన 126ని అది ముట్టుకోదు. 124ని ఉంచినా ఉంచవచ్చు, పర్వాలేదు. జాబితాలో అంకెలేమీ లేని "లినక్స్-జెనరిక్" కనిపిస్తే మాత్రం ఎన్ నొక్కి బయటికి రండి. అది పోతే ఇకమీదట కొత్త కెర్నెళ్లు రావు. ఆటోరిమూవ్ ఏమీ తియ్యలేదంటే, ఆ కెర్నెళ్లు ఎవరో చేత్తో వేసినట్టు గుర్తు పడి ఉన్నాయన్నమాట. అప్పుడు సుడో ఆప్ట్ పర్జ్ లినక్స్-మాడ్యూల్స్-5.15.0-117-జెనరిక్ అని ఒక్కొక్కటీ అడగండి. దాని మీద ఆధారపడ్డ కెర్నెల్ ఇమేజ్ కూడా దాంతో పాటే పోతుంది.

రీస్టార్ట్ చేసే ముందు బూట్ ఫోల్డర్లో 126 పేరుతో ఇనిట్‌ఆర్‌డీ ఉందా, దాని సైజు మిగతావాటికి దగ్గరగా ఉందా చూడండి. ఉంటే ఇప్పుడు అప్‌డేట్-గ్రబ్ కొట్టడానికి సరైన సమయం. 126తో లేచి, పాస్‌వర్డ్ అడిగి, లోపలికి వెళ్లాక, /రూట్ లో దాచిన ఆ రెండు ఫైళ్లు తీసేయండి.

మూడో దారి ఫార్మాట్. గోటితో పోయేదానికి గొడ్డలి అనే చెబుతాను, కానీ కొట్టిపారేయను. కొత్త ఇన్‌స్టాలర్లు బూట్ పార్టిషన్‌కి పాతదానికి రెట్టింపు పైనే చోటిస్తాయి కాబట్టి ఈ బాధకి శాశ్వత పరిష్కారం అదే. దాని ఖర్చు కూడా తెలుసుకోండి. ఒక పూట పడుతుంది. ప్రింటర్ సెట్టింగులు, సార్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, ఎక్కడో మూల ఫోల్డర్లో పెట్టుకున్న ఫైళ్లు, ఏం పోయిందో పోయాకే తెలుస్తుంది. పైగా యజమాని ఊళ్లో లేనప్పుడు ఆయన మెషీన్ చెరిపేశారన్న మాట మీ మీద పడుతుంది. చెయ్యాలనుకుంటే ప్రాక్టికల్స్ అయ్యాక, సార్ పక్కన ఉండగా, ఆయన సరేనన్నాకే చెయ్యండి. ఫార్మాట్ చెయ్యమన్న లెక్చరర్ గారికి కూడా ఇదే చెప్పండి, కాదనరు.

మీ అన్నయ్య చెప్పిన రెండు పనులూ వద్దు. లాక్ ఫైలు ఉండటమే తాళం కాదు. నడుస్తున్న ప్రాసెస్ ఆ ఫైలు మీద పెట్టుకున్న పట్టు తాళం. ప్రాసెస్ చచ్చిపోతే పట్టు దానంతటదే వదులుతుంది, ఫైలు మిగిలినా అడ్డు కాదు. ప్రాసెస్ బతికుండగా ఫైలు తీసేస్తే, రెండోది కొత్త ఫైలు సృష్టించుకుని తన పట్టు తాను పెట్టుకుంటుంది. ఇద్దరూ ఒకేసారి ఒకే ప్యాకేజీ పట్టికలో రాయడం మొదలుపెడతారు. ఈరోజు మీకున్నది స్థలం సమస్య. అలా చేస్తే పట్టికే చెడిపోయే సమస్య వస్తుంది. లాక్ అని అడ్డుపడితే, ఆ మెసేజ్‌లోనే పట్టుకున్న ప్రాసెస్ పేరు ఉంటుంది. "అన్‌అటెండెడ్-అప్‌గ్రే" అని ఉంటే ఆటోమేటిక్ అప్‌డేట్లు నడుస్తున్నాయి, పది నిమిషాలు ఆగండి.

బూట్ ఫోల్డర్లో ఆర్‌ఎం తో తీసేయడం కూడా అంతే. ఫైలు పోతుంది కానీ డీపీకేజీ పట్టికలో కెర్నెల్ ఉన్నట్టే ఉంటుంది. అంకె ఒకటి తప్పు కొడితే 125 పోతుంది, అప్పుడు ఆధారంగా ఉన్న ఆ ఒక్క కెర్నెలూ ఉండదు.

ఇది మళ్లీ రాకుండా ఉండాలంటే, ఆ మెషీన్ మీద అప్‌గ్రేడ్‌కి ముందు డీఎఫ్ -హెచ్ /బూట్ చూడండి. 250 ఎంబీ ఖాళీ లేకపోతే ముందు ఆటోరిమూవ్, తర్వాతే అప్‌గ్రేడ్. ఇంకో మార్గం, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్.కాన్ఫ్ ఫైల్లో మాడ్యూల్స్ ఎదుట ఉన్న మోస్ట్‌ని డెప్ చెయ్యడం. అప్పుడు ఆ మెషీన్‌కి కావలసిన డ్రైవర్లే చేరి ఫైలు బాగా తగ్గుతుంది. కానీ మదర్‌బోర్డు పోయి ఆ డిస్క్‌ని ఇంకో మెషీన్‌కి పెడితే లేవకపోవచ్చు. కాలేజీల్లో అలా డిస్కులు మార్చడం మామూలే కనుక నేనైతే మోస్ట్‌నే ఉంచుతాను.

ఇక సార్‌కి చెప్పడం గురించి. దాచకండి, ఆయన వచ్చేదాకా ఆగకండి కూడా. బ్యాకప్ తీసిన వెంటనే ఫోన్ చెయ్యండి. మీ పొరపాటు ఒకటుంది, అది అప్‌గ్రేడ్ చెయ్యడం కాదు, పరీక్షల ముందు బ్యాకప్ తియ్యకుండా చెయ్యడం. ఆ ఒక్కదాన్నే ఒప్పుకోండి, మిగతాది మీ మీద వేసుకోకండి. చిన్న బూట్ పార్టిషన్ మీరు పెట్టింది కాదు. "సార్, మీ కంప్యూటర్‌లో అప్‌డేట్ మధ్యలో ఆగింది. ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీశాను, తెరిచి చూశాను, బాగున్నాయి. ఇప్పుడు పాత కెర్నెల్‌తో నడుస్తోంది. నేను సరిచెయ్యనా, మీరు వచ్చాక చూద్దామా?" అని అడగండి. ఆయన ఆగమంటే మొదటి దారి, సరేనంటే రెండోది. ఆగమన్నప్పుడు మాత్రం మెనూలోకి వెళ్లే మీట, ఎంచుకోవలసిన అంకె 125, ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి.